కొండకు వేలాడిన కెమెరా

నచ్చిన పనిలోకి దూకేయాలా, జీతం వచ్చే పనిలో కుదురుకోవాలా? ఫైనలియర్ రాగానే హాస్టల్ గదుల్లో రాత్రి పొద్దుపోయేదాకా నడిచే చర్చ ఇది. సోషల్ మీడియాలో దీనికి రెడీమేడ్ జవాబు ఉంటుంది. ధైర్యం చేసెయ్, మిగతాది అదే కుదురుతుంది అని. పైపైన చూస్తే గేలెన్ రోవెల్ జీవితం ఆ జవాబుకు సరిగ్గా సరిపోతుంది. అమెరికాకు చెందిన ఈయన డిగ్రీ పూర్తి చేయలేదు. కార్లు బాగుచేసే చిన్న షాపు నడిపారు. ముప్పై దాటాక దాన్ని అమ్మేసి ఫొటోగ్రాఫర్ అయ్యారు. రెండేళ్లకే నేషనల్ జియోగ్రాఫిక్‌లో కవర్ స్టోరీ!

సినిమా కథలా ఉంది కదూ. కాకపోతే ఈ సినిమాలో చూపించని రీళ్లు చాలా ఉన్నాయి. కొండ ఎక్కడం మొదలుపెట్టిన రోజు నుంచి షాపు అమ్మేసిన రోజు వరకు లెక్కేస్తే దాదాపు ఇరవై రెండేళ్లు. కొండ ఎక్కేవాళ్ల ఫొటోలు అంటే ప్రపంచానికి వెంటనే గుర్తొచ్చే పేర్లలో ఒకటిగా ఆయన నిలవడానికి కారణం ఆ ఇరవై రెండేళ్లే.

పదేళ్లకే కొండ బాట

రోవెల్ 1940 ఆగస్టు 23న కాలిఫోర్నియాలో పుట్టారు, బర్క్‌లీలో పెరిగారు. తండ్రి యూనివర్సిటీలో ప్రొఫెసర్. తల్లి సెల్లో వాద్యంలో పేరున్న టీచర్. చదువుకున్న కుటుంబం, పుస్తకాలున్న ఇల్లు. ఈ మాట దాచకూడదు, ఎందుకంటే అందరికీ ఆ మొదటి మెట్టు దొరకదు. పదేళ్ల వయసులో సియెర్రా క్లబ్ వాళ్లతో కలిసి కొండలెక్కడం మొదలుపెట్టారు. పదహారేళ్లకు యోసెమిటీ లోయలో తాడు కట్టుకుని నిలువు బండలు ఎక్కుతున్నారు.

యోసెమిటీ అంటే రాక్ క్లైంబర్లకు కాశీ లాంటిది. హాఫ్ డోమ్, ఎల్ క్యాపిటాన్ లాంటి గ్రానైట్ గోడలు వందల మీటర్ల ఎత్తున నిటారుగా లేచి ఉంటాయి. రోవెల్ చిన్న కెమెరా ఒకటి వెంట తీసుకెళ్లేవారు. ఫొటోగ్రాఫర్ అవ్వాలని కాదు. పైన తాను చూసింది కింద ఉన్న స్నేహితులకు, ఇంట్లో వాళ్లకు చూపించాలని. యూనివర్సిటీలో చేరినా డిగ్రీ పూర్తి కాలేదు. మనసంతా కొండల మీదే. బతకడానికి కార్ల రిపేరు పని ఎంచుకున్నారు.

షాపు వారం రోజులు, కొండ వారాంతం

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆయన ఉద్యోగం మానేసి కొండలెక్కలేదు. షాపు నడుపుతూనే, ఖాళీ దొరికినప్పుడల్లా సియెర్రా నెవాడా పర్వతాల బాట పట్టేవారు. ఏళ్ల తరబడి అదే వరస. ఆ పర్వతాల్లో అంతకుముందు ఎవరూ ఎక్కని దారులు వందకు పైగా తొలిసారి ఎక్కిన రికార్డు ఆయనది. అంటే కెమెరా పేరు చెప్పుకునే ముందే క్లైంబర్‌గా ఆయనకు గట్టి పేరుంది.

ఆ దారి పూలబాటేమీ కాదు. 1968 నవంబరులో వారెన్ హార్డింగ్ అనే ప్రసిద్ధ క్లైంబర్‌తో కలిసి హాఫ్ డోమ్ దక్షిణ గోడ మొదటిసారి ఎక్కడానికి వెళ్లారు. మధ్యలో మంచు తుఫాను విరుచుకుపడింది. బట్టలు తడిసిపోయాయి, తాళ్లు గడ్డకట్టాయి. పైకీ వెళ్లలేరు, కిందికీ దిగలేరు. చివరికి హెలికాప్టర్‌లో శిఖరం మీదికి చేరిన రక్షణ బృందంలో నుంచి రాయల్ రాబిన్స్ అనే మరో మేటి క్లైంబర్ తాడు మీద చీకట్లో దిగి వచ్చి వాళ్లిద్దరినీ కాపాడారు. ఆ రాత్రి ఆయన రాకపోతే ఈ వ్యాసం లేదు. రెండేళ్ల తర్వాత, 1970లో అదే గోడను రోవెల్, హార్డింగ్ ఎక్కి పూర్తిచేశారు.

1972లో రోవెల్ షాపు అమ్మేశారు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నవి మూడు: ఎక్కడికైనా ఎక్కగల ఒళ్లు, ఏళ్ల తరబడి తీసిన ఫొటోల అనుభవం, ఆ ప్రపంచంలో ఆయన్ని నమ్మే మనుషులు. దూకడం అంటే ఇదే అయితే, కింద వల కట్టుకుని దూకడం అన్నమాట.

సుత్తి లేకుండా హాఫ్ డోమ్

తర్వాత ఏం జరిగిందో అర్థం కావాలంటే అప్పటి క్లైంబింగ్‌లో నడుస్తున్న ఒక గొడవ తెలియాలి. పడిపోకుండా ఆధారం కోసం క్లైంబర్లు బండ పగుళ్లలో పిటాన్లు అనే ఇనుప మేకులు సుత్తితో కొట్టేవారు. వెనక వచ్చేవాడు వాటిని మళ్లీ సుత్తితో కొట్టి ఊడబెరికేవాడు. ఇలా ఏళ్లకేళ్లు జరిగేసరికి పగుళ్లు పెచ్చులూడి గుంతలు పడ్డాయి. దీనికి ప్రత్యామ్నాయంగా నట్స్ వచ్చాయి. ఇవి పగులులో చేత్తో ఇరికించి, మళ్లీ చేత్తోనే తీసేసుకునే లోహపు ముక్కలు. రాయికి గాయం ఉండదు. ఈ పద్ధతికి క్లీన్ క్లైంబింగ్ అని పేరు. 1972లో యివోన్ షునార్డ్ కంపెనీ కేటలాగ్‌లో డగ్ రాబిన్సన్ దీని గురించి రాసిన వ్యాసం క్లైంబర్లలో పెద్ద కదలిక తెచ్చింది. ఈ షునార్డే తర్వాత పటగోనియా బట్టల కంపెనీ పెట్టారు.

చిన్న బండల మీద సరే, పెద్ద గోడ మీద ఇది సాధ్యమా అన్నది ప్రశ్న. హాఫ్ డోమ్ వాయవ్య గోడ దాదాపు 600 మీటర్లు. 1957లో తొలిసారి ఎక్కినవాళ్లకు ఐదు రోజులు పట్టింది. 1973లో డగ్ రాబిన్సన్, డెన్నిస్ హెన్నెక్, గేలెన్ రోవెల్ ముగ్గురూ సుత్తి లేకుండా ఆ గోడ ఎక్కారు. రోవెల్ దాన్ని ఫొటోలు తీశారు, తానే రాశారు. 1974 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్‌లో అది కవర్ స్టోరీ అయింది. కొండల సంగతే తెలియని లక్షలమంది ఇళ్లలోకి క్లీన్ క్లైంబింగ్ అన్న ఆలోచన ఆ ఫొటోలతోనే చేరింది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ పత్రికకు ప్రపంచంలో గొప్ప ఫొటోగ్రాఫర్లకు కొదవ లేదు. కానీ 600 మీటర్ల గోడ మీద, ఆ ముగ్గురిలో ఒకడిగా, తాడు మీద తన వంతు పని చేసుకుంటూనే ఫొటో తీయగలవాళ్లు ఎంతమంది? రోవెల్‌ది కెమెరా స్కిల్ ఒక్కటే కాదు, క్లైంబింగ్ స్కిల్ ఒక్కటే కాదు. రెండూ కలిసిన చోట పోటీ చాలా తక్కువ.

ఎక్కడ నిలబడాలన్నదే సగం ఫొటో

క్లైంబింగ్ ఫొటోలో మొదటి చిక్కు చోటు. కింద నిలబడి పైకి తీస్తే ఎక్కేవాడి వీపు, చెప్పుల అట్టలు తప్ప ఏమీ కనిపించవు. గోడ కూడా చదునుగా, పొట్టిగా కనబడుతుంది. అదే పై నుంచి తీస్తే ముఖంలో పట్టుదల కనిపిస్తుంది, వేళ్ల పట్టు కనిపిస్తుంది, వెనకాల లోయ లోతు కనిపిస్తుంది. కానీ పైన ఉండాలంటే ముందు పైకి ఎక్కాలి. రోవెల్ ముందు ఎక్కి, వెనక వస్తున్న స్నేహితుణ్ని కిందికి వంగి తీయగలిగేవారు. తాడు పట్టుకుని ఇంకొకరి ప్రాణానికి కాపు కాసే బాధ్యత ఉన్నప్పుడు మాత్రం కెమెరా రెండోది, తాడే మొదటిది. ఈ వరస మారితే ఫొటో కాదు, ప్రమాదం మిగులుతుంది.

రెండో చిక్కు బరువు. మోసే ప్రతి గ్రామూ పైకి లాగాల్సిందే. అందుకే ఆయన పెద్ద స్టూడియో కెమెరాలు కాకుండా తేలికైన 35 ఎం.ఎం. నికాన్ కెమెరాలు వాడారు. పరుగెత్తుతున్నా ఊగకుండా ఛాతీకి బిగించే సంచిలో పెట్టుకునేవారు. మనిషీ, గోడా, ఆకాశం ఒకే ఫ్రేములో పట్టే 24 ఎం.ఎం. వైడ్ లెన్స్ ఆయనకు ఇష్టం.

మూడో చిక్కు ఫిల్మ్. ఒక రోల్‌లో 36 ఫ్రేములే. తీసింది ఎలా వచ్చిందో అక్కడికక్కడ చూసుకునే స్క్రీన్ లేదు. కలర్ స్లైడ్ ఫిల్మ్‌లో వెలుతురు లెక్క కొంచెం తప్పినా ఫొటో తెల్లబారిపోతుంది, లేదా నల్లబడిపోతుంది. పైగా మన కన్ను ఎండనీ నీడనీ ఒకేసారి చూసినంత బాగా ఫిల్మ్ చూడలేదు. తెల్లవారుజామున శిఖరం బంగారంలా మెరుస్తుంటే కింద లోయ ఇంకా చీకట్లోనే ఉంటుంది. రెండూ ఒకే ఫొటోలో రావాలంటే ఏం చేయాలి? పైసగం నల్లగా, కిందిసగం తేటగా, మధ్యలో మెల్లగా మారే ఫిల్టర్లను లెన్స్ ముందు పెట్టేవారు. సింగ్-రే కంపెనీ ఆయన పేరుతోనే ఆ ఫిల్టర్లను అమ్మింది. ఇప్పుడు మీ ఫోన్‌లో హెచ్‌డీఆర్ మోడ్ రెప్పపాటులో చేసేది దాదాపు ఇదే పని. ఫోటో ఎడిటింగ్ యాప్‌లలో ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ టూల్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఇలాంటి గాజు ముక్కల నుంచే.

ఇంద్రధనుస్సు వెంట పరుగు

ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు ఆయన ఫొటోల్లో బాగా నచ్చేది బండల మీద తీసింది కాదు. 1981లో టిబెట్ రాజధాని లాసాలో తీసింది. ట్రెక్కింగ్ బృందంతో వెళ్లిన ఆయనకు సాయంత్రం ఇంద్రధనుస్సు కనబడింది. దూరంగా పోతలా ప్యాలెస్ ఉంది, కానీ ధనుస్సు దాని మీద లేదు. మిగతావాళ్లు భోజనాల హడావిడిలో ఉన్నారు. రోవెల్ కెమెరా పట్టుకుని పరుగు తీశారు.

దాని వెనక ఉన్నది ఇంటర్ ఫిజిక్స్. ఇంద్రధనుస్సు ఫలానా చోట నాటిన వస్తువు కాదు. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కు కేంద్రంగా, సుమారు 42 డిగ్రీల కోణంలో చూసేవాడికి కనబడే వలయం అది. చూసేవాడు కదిలితే అదీ కదులుతుంది. కాబట్టి సరైన చోటికి చేరితే ధనుస్సు కొస వచ్చి ప్యాలెస్ మీద వాలుతుంది. లెక్క తెలిస్తే చాలదు. 3,600 మీటర్లకు పైగా ఎత్తులో, గాలి పలచగా ఉన్న చోట, వెలుతురు మారిపోయేలోగా పరుగెత్తగల ఊపిరి కూడా ఉండాలి. ఆయనకు రెండూ ఉన్నాయి. ఆ ఫొటో ఆయన పనిలోకెల్లా ప్రసిద్ధమైంది.

మధ్యలో ఓటములూ ఉన్నాయి. 1975లో కె2 శిఖరానికి వెళ్లిన అమెరికన్ బృందంలో ఆయన సభ్యుడు. ఆ బృందం శిఖరం చేరలేదు. రోవెల్ మాత్రం ఆ యాత్ర గురించి, బృందంలోని తగాదాలతో సహా పుస్తకం రాశారు. 1977లో అది వెలువడింది. అదే ఏడాది కారకోరంలోని గ్రేట్ ట్రాంగో టవర్‌ను తొలిసారి ఎక్కిన ఐదుగురిలో ఆయన ఒకరు. 1984లో పర్యావరణ ఫొటోగ్రఫీకి సియెర్రా క్లబ్ ఇచ్చే ఆన్సెల్ ఆడమ్స్ అవార్డు అందుకున్నారు. 1986లో తన పద్ధతులన్నీ వివరిస్తూ మౌంటెన్ లైట్ పుస్తకం తెచ్చారు. ఫొటోలు అమ్మడం, గ్యాలరీ నడపడం లాంటి వ్యాపార వ్యవహారాలను భార్య బార్బరా చూసుకునేవారు. అంతకుముందు ఆమె ది నార్త్ ఫేస్ కంపెనీలో ప్రచార విభాగం చూశారు. స్వయంగా విమానం నడిపేవారు కూడా. ఒంటిచేత్తో ఎదిగిన కళాకారుడన్న మాట ఇక్కడ పనికిరాదు.

2002 ఆగస్టు 11న, అలాస్కా వైపు ఫొటోగ్రఫీ వర్క్‌షాప్ ముగించుకుని తిరిగొస్తూ, కాలిఫోర్నియాలోని బిషప్ ఊరి దగ్గర చిన్న విమానం కూలి రోవెల్, బార్బరా, మరో ఇద్దరు చనిపోయారు. ఆయనకు అప్పుడు 61 ఏళ్లు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న చాలామంది అప్పటికి పుట్టనే లేదు.

మనం ఏం తీసుకోవచ్చు?

డిగ్రీ మానేయమని మాత్రం కాదు. ఆయన కథలో డిగ్రీ లేకపోవడం గొప్ప కాదు, దాని వల్లే ఆయన గెలవలేదు. తీసుకోవాల్సింది ఇంకోటి. మీకు ఇప్పటికే లోతుగా తెలిసిన ప్రపంచం ఏది? క్రికెట్టా, వ్యవసాయమా, ఆక్వా చెరువులా, చేనేతా? దాని పక్కన చూపించే స్కిల్ ఒకటి, అంటే ఫొటో, వీడియో, రాత, డేటా ఏదైనా ఒకటి చేర్చండి. కెమెరా కొనగలిగినవాళ్లు వేలమంది ఉంటారు. బండ మీద తర్వాతి పట్టు ఎక్కడో ముందే ఊహించగల ఫొటోగ్రాఫర్లు కొందరే. ఒలింపిక్స్‌లో క్లైంబింగ్ చేరిన ఈ రోజుల్లో పోటీ గోడ ముందు నిలబడే ఫొటోగ్రాఫర్‌కు కూడా కావాల్సింది ఇదే. ఎక్కేవాడు ఏ క్షణంలో గాల్లోకి దూకుతాడో తెలియకపోతే మిగిలేది ఖాళీ గోడ ఫొటోనే.

బండలు మనకు కొత్తేం కాదు. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ శిక్షణ నడుస్తోంది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట చేతులు పెట్టింది ఆ రాతి మీదే. ఆసక్తి ఉంటే ముందు శిక్షకుల దగ్గర తాడు ముడి వేయడం, తోడువాడికి కాపు కాయడం నేర్చుకోండి. ఏడాది తర్వాత కెమెరా బయటికి తీయండి.

ఉద్యోగం వచ్చిందా, చేరండి. శని, ఆదివారాలు మీవే. రోవెల్ షాపు షట్టర్ దించిన ప్రతిసారీ కొండకు బయల్దేరారు. ఆ షట్టర్‌ను శాశ్వతంగా దించడానికి మాత్రం ఏళ్లు తీసుకున్నారు.