అడవిబాట నడిచిన గేట్‌వుడ్ బామ్మ

కొండలెక్కే సాహసయాత్ర అనగానే మనకు ఖరీదైన బూట్లు, టెంటు, వీపున పెద్ద సంచి గుర్తుకొస్తాయి. ఇవేవీ లేకుండా, మామూలు క్యాన్వాస్ బూట్లు తొడుక్కుని, తానే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, 67 ఏళ్ల వయసులో అమెరికాలోని 14 రాష్ట్రాల కొండదారిని ఒంటరిగా నడిచిన ఒక ముసలావిడ ఉంది. పేరు ఎమ్మా గేట్‌వుడ్. చదివింది ఎనిమిదో తరగతి వరకే.

ఆమె 1887 అక్టోబరు 25న ఒహాయో రాష్ట్రంలోని గాలియా కౌంటీలో ఒక రైతు ఇంట పుట్టింది. మొత్తం పదిహేను మంది పిల్లలు. ఒక్కో మంచం మీద నలుగురేసి పడుకునేవారు. తండ్రి యుద్ధగాయం వల్ల కాలు పోగొట్టుకుని తాగుడుకూ జూదానికీ అలవాటు పడ్డాడు. ఇక ఆ ఇల్లు ఎలా గడిచి ఉంటుందో మనలో చాలామందికి విడమరిచి చెప్పక్కర్లేదు.

1907లో, 19 ఏళ్లకు, ఎమ్మాకు పెళ్లయింది. భర్త కాలేజీలో చదువుకున్నవాడు, బడిపంతులు. తర్వాత పొగాకు సాగులోకి దిగాడు. అంత చదువుకున్న మనిషి భార్యను గొడ్డును బాదినట్టు బాదేవాడు. పళ్లు రాలాయి, పక్కటెముకలు విరిగాయి. పదకొండు మంది పిల్లల్ని కని, పొలంలో మగవాళ్లతో సమానంగా పనిచేస్తూ, ముప్పై ఏళ్లకు పైగా ఆ కాపురం చేసింది. దెబ్బలు భరించలేనప్పుడు ఇంటి పక్క అడవిలోకి పారిపోయేది. అక్కడ ఆమెను కొట్టేవాళ్లు లేరు. ఏ ఆకు తినవచ్చో, ఏది తినకూడదో, ఏ చెట్టు వేరు మందుకు పనికొస్తుందో ఆమెకు పల్లె బతుకు నేర్పింది. ఖాళీ దొరికితే ఎన్‌సైక్లోపీడియాలు చదువుకునేది.

1939లో ఒక రోజు ఇంట్లో గొడవ జరిగితే పోలీసులు వచ్చి భర్తను వదిలేసి, దెబ్బలు తిన్న ఆమెనే పట్టుకుపోయారు! వాచిపోయిన ఆమె ముఖం చూసి ఆ ఊరి మేయరు జైలు నుంచి విడిపించి తన ఇంట్లో చోటిచ్చాడు. 1941లో విడాకులు దొరికాయి. అప్పటికి ఆమెకు 53 ఏళ్లు. పిల్లలు ఒక్కొక్కరే పెద్దవాళ్లయి వెళ్లిపోయారు.

ఎవరో పారేసిన 1949 నాటి నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక ఒకటి ఆమె కంటబడింది. అందులో అపలాచియన్ బాట గురించిన వ్యాసం ఉంది. జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా కొండల శిఖరాల మీదుగా సాగే కాలిబాట అది. పొడవు అప్పట్లో 2,050 మైళ్లు, అంటే సుమారు 3,300 కిలోమీటర్లు. మన శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి రోడ్డు దూరం ఇంతకంటే కొంచెమే ఎక్కువ. 1921లో బెంటన్ మెకాయ్ అనే అటవీ అధికారి ఈ ఆలోచన చేస్తే, స్వచ్ఛంద కార్యకర్తలు పదహారేళ్లు శ్రమించి 1937 నాటికి పూర్తి చేశారు. చెట్లమీద వేసిన తెల్లరంగు గుర్తులే దారి చూపిస్తాయి. ఒక ఆడమనిషి ఒంటరిగా ఒకే విడతలో దాన్ని దాటిన దాఖలా అప్పటికి లేదు.

1954లో ఉత్తరం కొసన మొదలుపెట్టింది. కొద్ది రోజులకే దారి తప్పింది, కళ్లజోడు పగిలింది. అటవీ సిబ్బంది వెతికి పట్టుకుని, ఇంటికి పొమ్మన్నారు. ఆమె ఇంటికి వెళ్లింది, కానీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు, 1955 మే 3న, ఈసారి దక్షిణాన జార్జియాలోని ఓగ్లెథార్ప్ కొండ దగ్గర బయలుదేరింది. నడకకు వెళ్తున్నానని మాత్రమే పిల్లలతో అంది. సంచిలో ఒక దుప్పటి, వానకోటు, వానకు పైన కప్పుకోవడానికి స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ తెర, ఎండుద్రాక్ష, పప్పులు, డబ్బాలో నిలవచేసిన మాంసం. బరువు తొమ్మిది కిలోల లోపే.

దక్షిణం నుంచి నడిచేవాళ్లతో పాటే వసంతం కూడా ఉత్తరానికి కదులుతుంది. ఆ దారిలోని స్మోకీ పర్వతాలు ఒకప్పుడు చెరోకీ తెగవారి నేల. 1838లో ప్రభుత్వం సైన్యాన్ని పెట్టి వారిలో చాలామందిని పడమటికి తరిమేసింది. కొండల నిండా ఉండిన చెస్ట్‌నట్ మహావృక్షాలు బయటి దేశం నుంచి వచ్చిన తెగులుకు అప్పటికే చనిపోయాయి. ఆమె అడవిపండ్లు కోసుకు తింది. చలి రాత్రుల్లో రాళ్లను మంటలో కాచి వాటిమీద పడుకుంది. దారి పక్క ఊళ్లలో కొందరు అన్నం పెట్టి పడక ఇచ్చారు, కొందరు తలుపు వేసుకున్నారు. ఆగస్టులో రెండు తుపానులు వరసగా వచ్చి వాగులు పొంగాయి. వెర్మాంట్‌లో ఒక వాగు దగ్గర ఇద్దరు నేవీ కుర్రాళ్లు ఆమెను తాడుతో తమకు కట్టుకుని అవతలి ఒడ్డుకు చేర్చారు.

ఈలోగా పత్రికలవాళ్లు పసిగట్టారు. అంతా అడిగింది ఒకటే, ఎందుకు నడుస్తున్నావని. ఆమె సరదాగా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. భర్త గురించి అడిగితే చనిపోయాడని చెప్పింది. నిజానికి అతడు బతికే ఉన్నాడు. నన్ను ఈ కథలో ఎక్కువగా పట్టుకున్నది ఈ అబద్ధమే. దేశమంతా చప్పట్లు కొట్టిన మనిషి కూడా ఆ ఒక్క మాట బయటపెట్టలేకపోయింది.

సెప్టెంబరు 25న, 146 రోజుల తర్వాత, మెయిన్‌లోని కటాడిన్ శిఖరం చేరింది. అప్పటికి అరడజను జతల బూట్లు అరిగిపోయాయి. కిందికి దిగాక బాట సరిగా లేదని, గుర్తులు చెరిగిపోయాయని నిర్మొహమాటంగా చెప్పింది. ఆమె వల్ల వచ్చిన ప్రచారంతో బాట బాగోగుల మీద అందరి దృష్టీ పడింది.

1957లో మళ్లీ మొత్తం నడిచింది. 1959లో పూర్వం వలసబండ్లు వెళ్లిన ఒరెగాన్ దారిలో మిస్సోరి నుంచి పోర్ట్‌లాండ్ దాకా వెళ్లింది. 1964లో అపలాచియన్ బాటను విడతలుగా మూడోసారి పూర్తిచేసింది. మూడుసార్లు నడిచిన మొదటి మనిషి ఆమే. సొంత రాష్ట్రంలో బకీ బాట వేయడానికి సంఘం పెట్టినవాళ్లలో ఆమె ఒకరు.

1973 జూన్ 4న, 85వ ఏట ఆమె కన్నుమూసింది. ఆ దెబ్బల సంగతి లోకానికి వివరంగా తెలిసింది 2014లో ఆమె జీవితం పుస్తకంగా వచ్చాకే. ఒహాయోలోని హాకింగ్ కొండల్లో జరిగే చలికాలపు నడకలో ఎర్రటోపీ పెట్టుకుని ఆమె కూడా పాల్గొనేది. ఆ ఆరు మైళ్ల దారికి ఇప్పుడు ఆమె పేరే. ఇప్పటికీ జనవరిలో జనం మంచులో ఆ దారిని నడుస్తారు.