అడగకపోయినా రశీదు ఇచ్చిన కార్యదర్శి

గాంధీజీని మహాత్ముడిగా అందరం ఎరుగుదుం. పరాయి దేశంలో మనవాళ్ల సంఘానికి కార్యదర్శిగా ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేసిన గాంధీని తలుచుకునేవాళ్లు తక్కువ. అమెరికాలో మా ఊరి తెలుగు సంఘానికి కోశాధికారిగా ఉన్న నాకు ఆయన జీవితంలో ఆ భాగమే ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది.

1869లో పోర్‌బందర్‌లో పుట్టిన ఆయన 1888లో బారిస్టరు చదువుకి లండన్ వెళ్లారు. లెక్కలు రాసే అలవాటు అక్కడ స్థిరపడింది. బస్సు చార్జీ, తపాలా బిళ్ల, పేపరుకి పెట్టిన చిల్లర... అన్నీ పద్దు రాసుకుని, పడుకోబోయే ముందు నిల్వ సరిచూసుకునేవారు.

1893లో ఒక వర్తక సంస్థ దావా పని మీద దక్షిణాఫ్రికా చేరారు. మరుసటి ఏడాది అక్కడి నాటాల్‌లో భారతీయుల ఓటు హక్కు తీసేసే బిల్లు వచ్చింది. దాన్ని ఎదుర్కోవడానికి 1894 ఆగస్టు 22న డర్బన్‌లో నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఏర్పడింది. కార్యదర్శి గాంధీకి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

నెలకి కనీసం 5 షిల్లింగుల చందా పెట్టారు. పేరు రాయించుకున్నవాళ్లు చాలామందే గానీ, నెలనెలా కట్టేవాళ్లు కొందరే. మన సంఘాల్లో ఉన్నవాళ్లకి ఇది కొత్త కథేం కాదు! చివరికి ఏడాదికి 3 పౌండ్లు ఒకేసారి తీసుకునే పద్ధతి పెట్టారు. మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటలకి వచ్చిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అలాంటి పేదలకి అంత చందా అందని మాటే. అది ఆ సంఘానికి ఉన్న లోటు.

ఒకసారి టొంగాట్‌లో, 6 పౌండ్లు ఇవ్వగలిగిన ఒక ఆసామి 3 పౌండ్లకి మించి ఇవ్వనన్నాడు. ఆ ఇంట్లోనే దిగిన గాంధీ బృందం భోజనం ముట్టకుండా రాత్రంతా కూర్చుంది. తెల్లవారుజామున ఆయన ఆరూ ఇచ్చి, అందరికీ అన్నం పెట్టాడు.

అంత పట్టుబట్టి తెచ్చిన డబ్బుని అంత జాగ్రత్తగానూ చూసుకున్నారు. రశీదు కావాలని ఎవరూ అడిగేవారు కాదు. అయినా ప్రతి చందాకీ ఇచ్చేవారు. అప్పు చేసి సంఘం పని నడపకూడదన్నది ఆయన నియమం. 1894 నాటి లెక్కల పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉండి ఉంటాయని మూడు దశాబ్దాల తరవాత ఆత్మకథలో ధీమాగా రాసుకోగలిగారు.

1901లో స్వదేశానికి బయలుదేరుతుంటే అక్కడి భారతీయులు బంగారం, వెండి, వజ్రాల కానుకలు ఇచ్చారు. కస్తూర్బాకి 50 గినీల హారం వచ్చింది. ప్రజాసేవకి ప్రతిఫలం తీసుకోవచ్చా అని గాంధీకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. కస్తూర్బా ఒప్పుకోలేదు. నాకిచ్చిన హారం మీద మీకేం హక్కు, నేను రాత్రింబగళ్లు చేసిన చాకిరీ సేవ కాదా అని నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. చివరికి కానుకలన్నిటినీ ప్రజల పనికి ట్రస్టు రాసి బ్యాంకులో పెట్టారు.

ఇంత చేసినా ఒక చిక్కు తప్పలేదు. కాంగ్రెస్ మిగులు డబ్బుతో ఆస్తి కొన్నది. గాంధీ ఇండియాకి వచ్చేశాక తగాదాలు పుట్టి, ఆ అద్దె సొమ్ము కోర్టులో పేరుకుపోయింది. సంఘాలకి శాశ్వత నిధి మంచిది కాదనీ, ఏటేటా జనం ఇచ్చే చందాయే వాటి నిజాయతీకి పరీక్ష అనీ ఆయన అభిప్రాయపడ్డారు.

భవన నిధులు పోగుచేస్తున్న మనం ఆలోచించాల్సిన మాట ఇది. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న చాలా స్వచ్ఛంద సంస్థలు ఏటా ఫారం 990 దాఖలు చేయాలి, అడిగితే చూపించాలి. కానీ మనలో అడిగేదెవరు? అందరూ తెలిసినవాళ్లే కదా అని మొహమాటం. అడిగితే అనుమానిస్తున్నారనుకుంటారేమోనని జంకు. డర్బన్‌లోనూ అందరూ తెలిసినవాళ్లే. అందుకే మా సంఘంలో జమాఖర్చుల పట్టిక ఎవరూ అడగకముందే ప్రతి దాతకీ పంపుతున్నాం. పదిమందే చదివినా సరే.