రెండు ముఖాల కథ రాసిన స్టీవెన్‌సన్

ఈసారి మన గోడ పత్రికకు, దయ్యం లేకుండానే భయపెట్టే కథ రాసిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు రాబర్ట్ లూయిస్ స్టీవెన్‌సన్. నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన ‘కాంచన ద్వీపం’ అసలు రచయిత ఈయనే.

1850లో స్కాట్లాండులోని ఎడింబరోలో పుట్టాడు. తాత, తండ్రి సముద్రంలో ఓడలకు దారి చూపే దీపస్తంభాలు కట్టే ఇంజనీర్లు. ఈయనకేమో చిన్నప్పటి నుంచే ఊపిరితిత్తుల జబ్బు. రాత్రి దగ్గుతో నిద్ర పట్టకుంటే ఆయా పక్కన కూర్చుని కథలు చెప్పేది. మన బోరంచలో కరెంటు పోయిన రాత్రి పెద్ద క్లాసు అన్నలు చెప్పినట్టే!

1885లో జబ్బుతో మంచం మీద ఉండగా పీడకల వచ్చింది. నిద్రలో అరుస్తుంటే భార్య ఫ్యానీ లేపింది. మంచి భయం కథ చెడగొట్టావని ఆమె మీదే కోప్పడ్డాడట. ఆ కలలోంచి పుట్టిన చిన్న నవలే ‘డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్’. 1886 జనవరిలో అచ్చయింది. జెకిల్ మర్యాదస్తుడైన డాక్టరు. తాను తయారుచేసిన మందు తాగితే హైడ్‌గా మారి జనాన్ని కొడతాడు, చివరికి హత్య కూడా చేస్తాడు. తప్పు హైడ్‌ది, నాది కాదు అనుకుంటాడు.

ఇంగ్లీషు సారు ఈ కథ చెబుతుంటే ఇక్కడ నేను తల దించుకున్న. పోయిన నెల నల్లా కాడ బకెట్ కోసం ఆరో తరగతి తమ్ముణ్ణి కొట్టిన. సారు అడిగితే కోపంలో ఏం చేసిన్నో తెల్వదన్న. నాకు తెలుసు. ఆ తమ్ముడు ఇది చదువుతాడనే రాస్తున్న.

పుస్తకంలో ఇద్దరూ ఒక్కరేనన్న సంగతి చివరిదాకా బయటపడదు. 1887లో అమెరికాలో నాటకం వేసినప్పుడు రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే నటుడు జనం కళ్ల ముందే మారిపోయేవాడు. పుస్తకంలో లేని పెళ్లికూతురిని కూడా చేర్చారు. తర్వాత 1920, 1931, 1941 సినిమాలు ఈ నాటకం బాటనే పట్టాయి. 1931లో ఫ్రెడ్రిక్ మార్చ్ ముఖానికి రంగు పూసి, కెమెరా ముందు రంగు అద్దాలు మార్చారు. నలుపు తెలుపు ఫిల్ములో ముందు కనపడని గీతలు అద్దం మారగానే తేలాయి. మార్చ్‌కు ఆస్కార్ వచ్చింది. 2005లో వచ్చిన ‘అపరిచితుడు’ చూసినవాళ్లకు ఒకే ఒంట్లో ఇద్దరంటే వెంటనే అర్థమవుతుంది. నాకైతే దాచి చెప్పిన పుస్తకమే ఎక్కువ భయం.

ఆ సినిమాలేవీ ఆయన చూడలేదు. ఆరోగ్యం కోసం పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవికి పోయి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అక్కడి మూలవాసులు ఆయన్ని టుసిటాలా అని పిలిచారు. అంటే కథలు చెప్పేవాడు. జైల్లో పడ్డ వాళ్ల పెద్దలకు ఆయన సాయం చేస్తే, విడుదలయ్యాక వాళ్లు ఆయన ఇంటికి తమ చేతులతో బాట వేశారు. 1894 డిసెంబరు 3న, 44 ఏళ్లకే చనిపోయాడు. సమోవా వాళ్లు అడవి నరికి దారి చేసి, ఆయన్ని భుజాల మీద వేయా కొండ పైకి మోసుకెళ్లి అక్కడే పూడ్చారు.