నీటిరంగుల్లో గోదావరి

మా నల్లగొండ వైపు ఆడవాళ్లకు నీళ్లంటే బిందెల లెక్క. సముద్రాన్ని నేను చూసింది పెళ్లయ్యాకే. అందుకేనేమో, నీళ్లను కాగితమ్మీద నిలిపిన దామెర్ల రామారావు గారంటే నాకంత ఇష్టం.

1897లో రాజమండ్రిలో పుట్టారాయన. చదువుకంటే బొమ్మల మీదే ధ్యాస. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ పనితనం గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపారు. తిరిగొచ్చి సొంతూళ్లోనే చిత్రకళ నేర్పించారు.

నీటిరంగులు మహా మొండివి సుమండీ! తైలవర్ణమైతే తప్పు మీద మరో పూత వేసుకోవచ్చు. ఇక్కడ తడి ఆరేలోగా పని కావాలి. తెలుపు కావాలంటే కాగితాన్నే వదిలెయ్యాలి. తడి వాకిట్లో ముగ్గేసే మనకు ఆ తొందర తెలీదూ? అలాంటి రంగులతో గోదావరినీ, కొండల్నీ, పువ్వులు ముడుచుకునే పడుచుల్నీ గీశారు.

భార్య సత్యవాణికీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మకూ కుంచె పట్టడం నేర్పారు. ఆడవాళ్లకు అక్షరాలే అబ్బురమైన రోజులవి!

1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. 28 ఏళ్లు కూడా నిండలేదు. సత్యవాణి, మిత్రుడు వరద వెంకటరత్నం ఆ బొమ్మల్ని చెదిరిపోనివ్వలేదు. రాజమండ్రిలో ఆయన పేరిట వెలిసిన ఆర్ట్ గ్యాలరీకి అవే ఆస్తి.