మొక్కల రోగములు శోధించిన ఎర్విన్ స్మిత్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు రాష్ట్రమునందలి గిల్బర్ట్స్ మిల్స్ అను పల్లెయందు 1854వ సంవత్సరమున ఎర్విన్ ఫ్రింక్ స్మిత్ జన్మించెను. పిదప కుటుంబము మిచిగన్ రాష్ట్రమునకు తరలి సేద్యము సాగించెను. పొలము పనులు చదువునకు అడ్డు వచ్చుటచే ఆయన ఉన్నత పాఠశాల ముగించునాటికి ఇరువదియాఱేండ్లు వచ్చెను. ఆ వయసున బడికి పోవుటకు సిగ్గుపడువారే లోకమున హెచ్చు. ఆయన సిగ్గుపడలేదు. మఱుసటి యేడే తన గురువగు వీలర్‌తో కలసి మిచిగన్ వృక్షజాతుల పట్టికను ప్రకటించెను. 1886లో పట్టభద్రుడై, వ్యవసాయ శాఖలో ఉద్యోగమున ప్రవేశించి తుదివఱకు ఆ కొలువుననే యుండెను.

మనుష్యులకును పశువులకును సూక్ష్మజీవులవలన రోగములు కలుగునని పాశ్చర్, కాక్ మహాశయులు అప్పటికే స్థాపించి యుండిరి. మొక్కల మాట వచ్చునప్పటికి మాత్రము ఐరోపా పండితులలో పెక్కుమంది పెదవి విఱిచిరి. స్మిత్ దోసతీగల వాడు తెగులును, 1896లో టొమాటో, వంగ, బంగాళాదుంపల ఎండు తెగులును, పిమ్మట క్యాబేజీ నల్లకుళ్లును పరిశోధించెను. రోగపు మొక్కనుండి బాక్టీరియాను తీసి, శుద్ధముగా పెంచి, ఆరోగ్యముగల మొక్కకు సూదితో ఎక్కించి, అదే తెగులు పుట్టగా మరల దానినుండి అదే జీవిని తీసి చూపుట ఆయన పద్ధతి. క్యాబేజీ ఆకు అంచులందలి నీటి రంధ్రములే ఆ జీవికి ద్వారములని కనిపెట్టెను.

లైప్‌జిగ్ నగరపు ఆచార్యుడు అల్ఫ్రెడ్ ఫిషర్ దీనిని త్రోసిపుచ్చెను. బాక్టీరియా చచ్చిన భాగములందు చేరునేగాని సజీవమగు మొక్కకు రోగము తేజాలదని ఆయన వాదము. ఆ వివాదము జర్మను పత్రికలో 1901 వఱకు సాగెను. స్మిత్ ఘాటుగానే బదులిచ్చెను. కాని ఆ ఘాటునకు వెనుక ఛాయాచిత్రములును, ఏండ్ల తరబడి చేసిన ప్రయోగములును ఉండెను. గెలుపు ఆయనదే.

ఆయన ప్రయోగశాలలో ఇరువదిమందికి పైగా స్త్రీలు శాస్త్రజ్ఞులుగా పనిచేయుట ఆ కాలమున అరుదగు విషయము. 1907లో టౌన్‌సెండ్‌తో కలసి ఆయన మొక్కల మొదళ్లయందు కణితులు పుట్టించు బాక్టీరియాను కనుగొనెను. వేర్వేఱు చెట్లనుండి తీసిన ఆ జీవులు చూపునకు ఒక్కటియే యైనను పనిలో ఒక్కటి కావని ఆయన గమనించెను. ఒక తెగ పెద్ద కణితి పుట్టించును. మఱొకటి ఏమియు చేయజాలదు. కారణము తేలకయే 1927 ఏప్రిల్ 6న ఆయన కన్నుమూసెను.

ఆ చిక్కు 1974లో బెల్జియము దేశమున విడెను. కణితి పుట్టించు తెగలయందు ప్రధాన జన్యురాశికి వెలిగా ప్లాస్మిడ్ అను పెద్ద డీఎన్ఏ వలయము కలదనియు, పుట్టింపని తెగలలో అది లేదనియు గెంట్ నగర శాస్త్రజ్ఞులు చూపిరి. ఆ వలయములోని యొక ముక్క మొక్క కణములోనికి పోయి దాని జన్యువులతో కలసిపోవునని 1977లో తెలిసెను.

బాసిల్లస్ థురింజియెన్సిస్ అను వేఱొక బాక్టీరియా పురుగులను చంపు విషమును తయారుచేయును. ఏ తెగ విషము ఏ పురుగును చంపునన్నది ఆ తెగ జన్యువులను బట్టి యుండును. అట్టి జన్యువు నొకదానిని పత్తి మొక్కలో చేర్చుటకు స్మిత్ కనుగొన్న కణితి జీవియే వాహనమయ్యెను. 2002లో ప్రభుత్వానుమతి పొంది తెలుగు రైతుల చేలకు వచ్చిన బీటీ పత్తి పుట్టిన విధమిది.