మూడోసారి పాసైన మనిషి



క్వార్టర్లీలో నాకు జీవశాస్త్రంలో 12 మార్కులొచ్చాయి. కణత్వచం బొమ్మ గీసి భాగాలు రాయమంటే ఖాళీగా వదిలేశాను. ఇంక చదువొద్దు, ఊరెళ్లి పోడు చేసుకుందాం అనుకున్నాను. అప్పుడు మా సైన్సు మాస్టారు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పారు. అదే మీకూ చెప్తున్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసరుకి కోపమొచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా వచ్చింది. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది పేగులోంచి రక్తంలోకి సరిగా చేరదు. ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు.

నాకు కణత్వచం అర్థమైంది ఇక్కడే. పేగు గోడ కూడా కణాలతో కట్టిందే. ప్రతి కణం చుట్టూ రెండు వరుసల కొవ్వు పొర, అందులో అక్కడక్కడ ప్రోటీన్ల తలుపులు ఉంటాయి. ఆక్సిజన్ కొవ్వు పొరలోంచే దూరిపోతుంది. చక్కెర, ఉప్పు మాత్రం తలుపు దగ్గరికే రావాలి. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోవడమంటే గెడ్డ నీళ్లు పల్లానికి పోయినట్టు, ఖర్చు లేదు. తక్కువ నుంచి ఎక్కువకి పోవాలంటే మాత్రం కావిడితో కొండెక్కినట్టే, బలం కావాలి.

ఆ బలమిచ్చేది ఏ.టి.పి. 1923లో అమెరికా చేరిన సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి 1929లో దాన్ని కండరాల్లో కనిపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ గారు కూడా విడిగా కనిపెట్టారు. తర్వాత 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ గారు పీత నరాల్లో ఏ.టి.పి.తో నడిచే పంపుని గుర్తించారు. ఒక్క ఏ.టి.పి. ఖర్చైతే ఆ పంపు మూడు సోడియం అయాన్లని బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి తెస్తుంది.

సుబ్బారావు గారు 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అది స్ప్రూకి మందైంది. అప్పటికి ఆ అన్నదమ్ములు పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన కూడా 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

బడిలో మనకిచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. మనలో కొందరం ఆ మాత్రని కిటికీలోంచి పారేస్తున్నాం. నేనూ పారేశాను. ఇక పారెయ్యను.

ఊరు కూడా వెళ్లడం లేదు. కణత్వచం బొమ్మ పక్కన గీశాను. తప్పుంటే పెన్సిలుతో దిద్దండి.

– 10వ తరగతి విద్యార్థి