హెల్మ్‌హోల్ట్జ్ పండితుని జీవితము

పూర్వము ధాన్యకటకమని పేరుగాంచిన మన ధరణికోట చెంత కృష్ణానదిపై పడవలో పోవువానికి ఒడ్డుననున్న చెట్లు వెనుకకు పరుగిడునట్లు తోచును. ఒడ్డుననే నిలిచి కన్నుల నటునిటు త్రిప్పి చూచువానికి మాత్ర మా చెట్లు కదలవు. రెండు తావులందును కంటిలోని చిత్రము కదలుచునే యున్నది గదా! ఒకచోట లోకము కదలినట్లును, వేఱొకచోట నిలిచినట్లును ఏల తోచవలెను? ఇట్టి ప్రశ్నల విమర్శకై పెక్కేండ్లు పాటుపడిన మహనీయుడు జర్మను దేశీయుడగు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఈయన 1821వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన బెర్లిను నగర సమీపమందలి పోట్స్‌డాము పట్టణమున జన్మించెను. తండ్రి యచ్చటి ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయుడు. బాలుడు తఱచు వ్యాధిపీడితుడై యుండెడివాడు. కుడియెడమల భేదము గుర్తించుట యాతనికి కష్టము. పొందికలేని విషయములను కంఠస్థము చేయుట మఱియు కష్టము. ఒకనాడు తల్లితో చర్చి గోపురము ప్రక్కగా పోవుచు, పైన నిలిచియున్న మనుష్యులను బొమ్మలని భ్రమించి, చేయి చాచి వానిని తీసి యిమ్మని తల్లి నడిగెను. దూరముననున్నది చిన్నదిగా కనబడునను తెలివి యింకను ఆ పసివానికి కలుగలేదు. పెద్దవాడైన పిమ్మట దీనిని మఱువక తన గ్రంథమున వ్రాసికొనెను.

భౌతికశాస్త్రము నభ్యసింపవలెనని ఈయన కోరిక. కాని యుపాధ్యాయుని స్వల్పాదాయము దానికి చాలదయ్యెను. సైన్యమున వైద్యుడుగా పనిచేయుట కొప్పుకొన్నవారికి బెర్లినులోని సైనిక వైద్య విద్యాలయమున నుచితముగా చదువు చెప్పుచుండిరి. 1838లో నందు చేరి, 1842లో వైద్యపట్టమును పొందెను. సైనిక వైద్యుడుగా నుండియే శక్తికి నాశము లేదను సిద్ధాంతముపై 1847లో నొక వ్యాసము రచించెను. ప్రసిద్ధమైన శాస్త్రపత్రిక దానిని నిరాకరింపగా, నిరుత్సాహపడక వేఱుగా ముద్రింపించెను. 1849లో కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. జీవించియున్న మనుష్యుని కంటి లోపలి పొరను చూచుటకు వీలైన ఆఫ్తాల్మోస్కోపు అను యంత్రమును 1851లో వివరించి ప్రకటించెను. అంతవఱకు వైద్యులకు కనుపాప వెనుక చీకటియే.

పిదప దృష్టిని గూర్చి యొక మహాగ్రంథమును 1856 మొదలు 1867 వఱకు మూడు భాగములుగా వెలువరించెను. ఒక కన్ను మూసి, తెఱచిన కంటి చివర రెప్పపై వ్రేలితో మెల్లగా నొత్తినచో ఎదుటి వస్తువులు కదలినట్లగును. మన సంకల్పముచే కన్ను త్రిప్పినచో నవి కదలవు. కంటిని త్రిప్పుటకు మనము చేయు ప్రయత్నమును మనస్సు లెక్కలోనికి తీసికొనుచున్నదని ఈయన గ్రహించెను. కంటి కండరములు పక్షవాతముచే చెడిన రోగులు కన్ను త్రిప్ప యత్నించినపుడు, కన్ను కదలకున్నను, లోకమే యెగిరిపడినట్లు వారికి తోచుట దీనికి సాక్ష్యము.

వస్తువులను ప్రక్కకు జరిపి చూపు పట్టకపు అద్దములను ధరించియు పరీక్షించెను. మొదట చేయి గుఱి తప్పును. తన చేతిని చూచుకొనుచు పలుమాఱులు వస్తువులను తాకినచో గుఱి కుదురును. అద్దములు తీసివేసిన వెంటనే చేయి రెండవ ప్రక్కకు తప్పిపోవును! కావున చేతిపని చూపునకు గురువు. కొండపై పొగను జూచి నిప్పు నూహించునట్లే, మనము ప్రత్యక్షమనుకొను దానియందును మనకు తెలియకయే జరుగు అనుమానము కలదని ఈయన మతము.

హేరింగు అను పండితుడు దీని నెదిర్చి, దృష్టిజ్ఞానము జన్మతోనే వచ్చునని వాదించెను. ఇరువురి మాటలందును కొంత సత్యము కలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. కదలుమని కండరములకు పంపిన యాజ్ఞయొక్క ప్రతిని మెదడు దాచుకొని, కంటినుండి వచ్చు వార్తతో సరిచూచుకొనునని ఫాన్ హోల్స్టు, మిట్టెల్‌స్టెట్ అనువారు 1950లో ప్రతిపాదించిరి. 1963లో హెల్డు, హైను అనువారు రెండేసి పిల్లికూనలకు ఒకేవిధమైన దృశ్యములను చూపిరి. ఒకటి తన కాళ్లతో నడచెను, రెండవది తొట్టిలో కూర్చుండి మోయబడెను. నడచినది చూపుతో అడుగు సరిగా వేయ నేర్చెను, మోయబడినది నేర్వలేదు. స్వేచ్ఛగా తిరుగనిచ్చిన పిమ్మట నదియు కొలది దినములలో నేర్చుకొనెను.

1871లో బెర్లినున భౌతికశాస్త్రాచార్యుడై, సర్వత్ర గౌరవము పొంది, హెల్మ్‌హోల్ట్జ్ 1894 సెప్టెంబరు 8వ తేదీన పరమపదించెను.

కంఠపాఠము రాని బాలుని మందబుద్ధియని యెంచుట మా యుపాధ్యాయులలో పలువురకు అలవాటు. నేనును అట్లెంచినవాడనే. ఈ చరితము చదివిన పిమ్మట నాకు సిగ్గు కలిగినది. తల్లిదండ్రులారా! బిడ్డలను చంకదింపక మోయకుడు, నడువనిండు, తాకనిండు. విద్యార్థులారా! దేవుడిచ్చిన కన్నులు చాలునని కూర్చుండక, చేతులతో పనిచేసి చూడ నేర్చుకొనుడు.